మొదట పని, తర్వాత పరీక్ష, ఆఖర్న పాఠం: ఉద్యోగులకు ఆన్‌లైన్ శిక్షణ తయారుచేసే పద్ధతి

బెంగళూరులో హెచ్‌ఆర్‌లోనో ఆపరేషన్స్‌లోనో పనిచేసే తెలుగువాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఈ పని నెత్తిన పడుతుంది: "వచ్చే నెలకల్లా దీని మీద ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ కావాలి." చేతికిచ్చేది 60 స్లైడ్ల పాత పీపీటీ. దానికి గొంతు జోడించి, కింద నెక్స్ట్ బటన్ పెట్టి, చివర పది ప్రశ్నలు తగిలించి ఎల్‌ఎంఎస్‌లోకి, అంటే కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్‌లోకి, ఎక్కిస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. రిపోర్టులో ప్రతి పేరు పక్కనా ‘కంప్లీటెడ్’ అని పడుతుంది. పని జరిగే చోట మాత్రం ఏమీ మారదు.

తప్పు తయారీ వరుసలో ఉంది. ఉన్న సమాచారంతో మొదలుపెట్టి దానికి ప్రశ్నలు అతికిస్తే, ఆ ప్రశ్నలు స్లైడు గుర్తుందో లేదో మాత్రమే తేలుస్తాయి. ఉద్యోగికి కావలసింది వేరు. రేపటి షిఫ్టులో ఒక చిక్కు ఎదురైతే ఏం చేయాలో అతనికి తెలియాలి. అందుకే ముందు పనిని చూడాలి. ఆ పని వచ్చిందో లేదో తేల్చే పరీక్ష రాయాలి. ఆ పరీక్ష నెగ్గడానికి ఎంత కావాలో అంతే పాఠం రాయాలి. మీకిచ్చిన గడువులో సగం మొదటి మూడు మెట్లకే పోతుంది. పోనివ్వండి, అక్కడ ఆదా చేసిన ప్రతి రోజుకూ తర్వాత రెండింతలు కట్టాల్సి వస్తుంది.

మొదటి నుంచి చివరి దాకా ఒకే ఉదాహరణ పట్టుకుందాం. హోసకోటె వైపు ఒక గోదాము ఉందనుకోండి. సరుకు దించుకునే రిసీవింగ్ టీమ్‌లో అనంతపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లు సగం, మిగతావాళ్లు కన్నడ, తమిళం, హిందీ మాట్లాడేవాళ్లు. దెబ్బతిన్న పెట్టెల గురించి ట్రాన్స్‌పోర్టర్‌కు పెట్టిన క్లెయిములు తిరిగొస్తున్నాయి. లారీ రసీదు, అంటే ఎల్‌ఆర్ మీద ఏ రిమార్కూ లేకుండా సంతకం పెట్టి లారీని పంపేస్తున్నారు మరి. మేనేజర్ అడిగింది: "రిసీవింగ్ ప్రాసెస్ మీద గంట ట్రైనింగ్."

1. ఇది శిక్షణతో తీరే ఇబ్బందేనా?

శిక్షణ రంగంలో రాబర్ట్ మేగర్ పేరుతో వాడుకలో ఉన్న ప్రశ్న ఒకటి ఉంది: ప్రాణం మీదికొస్తే ఆ మనిషి ఆ పని చేయగలడా? చేయగలడంటే లోపం తెలియకపోవడంలో లేదు, పాఠం చెప్పి లాభం లేదు. థామస్ గిల్బర్ట్ 1978లో ఇదే విషయాన్ని ఇంకా విడమరిచారు. మనిషి పనితీరుకు కారణాలు కొన్ని చుట్టూ ఉంటాయి: అందే సమాచారం, పనిముట్లు, ప్రతిఫలం. కొన్ని మనిషిలో ఉంటాయి: జ్ఞానం, శక్తి, కోరిక. ముందు చుట్టూ ఉన్నవాటిని సరిచేయమన్నది ఆయన సలహా, ఎందుకంటే అవి తక్కువ ఖర్చుతో మారతాయి.

ఇది కుర్చీలో కూర్చుని తేలేది కాదు. ఒక పూర్తి షిఫ్టు డాక్ దగ్గర, అంటే లారీ నిలిపి సరుకు దించే చోట, నిలబడండి. ఇలాంటివి కంటపడతాయి: ఎల్‌ఆర్ రాసే బల్ల దగ్గర వెలుతురు చాలదు. ఫోటో తీయడానికి ఇచ్చిన కంపెనీ ఫోన్ సూపర్‌వైజర్ జేబులో ఉంటుంది, ఆయన ఇంకో గేటు దగ్గర ఉంటాడు. సిటీలో లారీలను ఆపేసే వేళ మొదలయ్యేలోపు దాటిపోవాలని డ్రైవర్ తొందరపెడతాడు. వీటన్నిటికంటే బరువైనది, టీమ్‌ను కొలిచే కొలత: లారీ ఎంతసేపట్లో ఖాళీ అయింది? ఆ లెక్కలో, ఆగి రిమార్క్ రాసినవాడు వెనకబడతాడు, చూసీచూడనట్టు సంతకం పెట్టినవాడు ముందుంటాడు. ఈ నాలుగింటిలో ఒక్కటి కూడా వీడియోతో తీరదు.

వీటిని ఒక పేజీలో రాసి ముందు మేనేజర్‌కు ఇవ్వండి. ఇవి పోగా మిగిలేదే మీ పని. మన గోదాములో మూడు మిగిలాయి. ఏది డ్యామేజ్‌గా లెక్కకొస్తుందో కొత్తవాళ్లకు తెలియదు. రిమార్క్ ఎలా రాస్తే నిలుస్తుందో చాలామందికి తెలియదు. డ్రైవర్ సంతకం పెట్టనంటే ఏం చేయాలో దాదాపు ఎవరికీ తెలియదు. గంట అడిగిన చోట పావుగంట చాలునని ఇక్కడే తేలిపోయింది.

ఎవరిని అడగాలి? బాగా చేసేవాళ్లు ఇద్దరు, మామూలుగా చేసేవాళ్లు ఇద్దరు, చేరి నెల కానివారు ఒకరు. "ఏం నేర్పిస్తే బాగుంటుంది?" అని అడిగితే ప్రతివాళ్లూ సిలబస్ చెబుతారు. దాని బదులు "ఈమధ్య వచ్చిన పాడైన పెట్టె గురించి చెప్పండన్నా. ముందు ఏం చూశారు? అప్పుడేం చేశారు? ఎక్కడ సందేహం వచ్చింది?" అని అడగండి. ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్లకు చేతులు వాటంతట అవే నడుస్తాయి కాబట్టి సగం మెట్లు చెప్పడం మరిచిపోతారు. అందుకని విన్నాక పక్కన నిలబడి చూడాలి కూడా. పెట్టెను పక్కకు వంచి అడుగు చూడటం ఆయన నోట రాదు, చేతిలో ఉంటుంది.

తిరస్కరించిన క్లెయిముల ఫైలు అడిగి తీసుకోండి. ఆ ఎల్‌ఆర్ కాపీల మీద ఏం రాశారో, ఏం రాయలేదో చూస్తే మీ పాఠంలో, పరీక్షలో కావలసిన తప్పులన్నీ అక్కడే దొరుకుతాయి.

2. లక్ష్యం: కంటికి కనిపించే పని

"రిసీవింగ్ ప్రక్రియపై అవగాహన కల్పించడం" లక్ష్యం కాదు. అవగాహన కలిగిందో లేదో ఎవరూ చూడలేరు. మేగర్ 1962లో చెప్పిన కొలత ఇప్పటికీ చెక్కుచెదరలేదు: ఏ పని చేయాలి, ఏ పరిస్థితిలో, ఎంత బాగా. ఈ మూడూ ఉన్న వాక్యం ఇలా ఉంటుంది:

"తడిసిన, నలిగిన లేదా సీలు ఊడిన పెట్టె కనిపిస్తే, లారీ డాక్ వదలకముందే, ఎల్‌ఆర్ రెండు కాపీల మీదా పెట్టెల సంఖ్య, దెబ్బ రకం రాసి డ్రైవర్ సంతకం తీసుకుంటారు."

‘రెండు కాపీల మీదా’ అన్న చిన్న మాటను వదలకండి. మన దగ్గర ఉండిపోయే కాపీ మీద మాత్రమే రాసి, డ్రైవర్ వెనక్కి తీసుకెళ్లే కాపీని ఖాళీగా పంపితే, అవతలివాళ్ల చేతిలో ఏ రిమార్కూ లేని డెలివరీ రుజువు ఉంటుంది. క్లెయిమ్ అక్కడే చచ్చిపోతుంది. లక్ష్యంలో ఇంత వివరం లేకపోతే పాఠంలోకి కూడా రాదు.

పావుగంట పాఠానికి మూడు నాలుగు లక్ష్యాలు మించకూడదు. నేర్చుకోవడాన్ని ‘గుర్తుంచుకోవడం’ నుంచి పైకి మెట్లుగా విడదీసే బ్లూమ్ వర్గీకరణలోని క్రియాపదాల పట్టికలు చాలామంది ముందేసుకుంటారు. 1956లో వచ్చి 2001లో సవరణ పొందిన ఆ వర్గీకరణ, లక్ష్యం రాశాక సరిచూసుకోవడానికి పనికొస్తుంది. మీ లక్ష్యాలన్నీ ‘గుర్తుంచుకోవడం’ దగ్గరే ఆగిపోయాయేమో చూసుకుంటే చాలు.

3. పాఠానికి ముందే పరీక్ష

ఇది మొత్తం పద్ధతికి గుండెకాయ. ఒక్కో లక్ష్యానికి మూడేసి సందర్భ ప్రశ్నలు రాయండి. ఒకటి పాఠం మధ్యలో అభ్యాసానికి, ఒకటి చివరి పరీక్షకు, ఒకటి కోర్సు అయిపోయాక గుర్తుచేయడానికి. మూడింటిలో పరిస్థితి మారాలి, సూత్రం మారకూడదు. ఒక నమూనా:

"సాయంత్రం 6:40. లారీలో 212 పెట్టెలు. దించుతుంటే 6 పెట్టెల అడుగు తడిసి కనిపించింది. టేపు, సీలు బాగానే ఉన్నాయి. డ్రైవర్ అంటున్నాడు: ‘లోపల సరుకు బాగానే ఉంటుందన్నా, సంతకం పెట్టేయ్, లేటవుతోంది.’ మీరేం చేస్తారు?

అ) రెండు కాపీల మీదా ‘సరుకు డ్యామేజ్’ అని రాసి, డ్రైవర్ చేత సంతకం పెట్టించి పంపుతాను.
ఆ) ఫోటోలు తీసి, రెండు కాపీల మీదా ‘212లో 6 పెట్టెల అడుగు తడిసింది’ అని రాసి సంతకం పెట్టిస్తాను.
ఇ) ‘212 పెట్టెలు అందాయి’ అని సంతకం పెట్టి, లారీ వెళ్లాక ఆరు పెట్టెలూ తెరిచి చూస్తాను."

సరైన జవాబు ‘ఆ’. మిగతా రెండూ ఊహించి రాసినవి కావు, తిరస్కరించిన క్లెయిముల్లో కనిపించే తప్పులే. తప్పు ఆప్షన్ ఎప్పుడూ నిజంగా జరిగే తప్పు అయి ఉండాలి. ఎవరూ చేయని వెర్రి పనిని ఆప్షన్‌గా పెడితే ప్రశ్న చదవకుండానే జవాబు తెలిసిపోతుంది.

జవాబు నొక్కాక వచ్చే స్పందనే అసలు పాఠం. "తప్పు, మళ్లీ ప్రయత్నించండి" అన్నది ఏమీ నేర్పదు. ‘అ’ నొక్కినవాళ్లకు ఇలా చెప్పాలి: "రాయడం మంచిదే. కానీ ఎన్ని పెట్టెలో, ఏ దెబ్బో లేదు. ఒక్క పెట్టే పాడైందని ట్రాన్స్‌పోర్టర్ అంటే, కాదనడానికి మీ దగ్గర కాగితం లేదు." ‘ఇ’ నొక్కినవాళ్లకు: "లారీ వెళ్లిపోయాక పెట్టె తెరిచారు. ఆ తడి దారిలో తగిలిందా, గోదాములో తగిలిందా అని అడుగుతారు. ఎలా చూపిస్తారు?" తప్పు చేస్తే పనిలో ఏం జరుగుతుందో అదే స్పందన. సరైన జవాబుకు కూడా ఎందుకు సరైనదో ఒక వాక్యంలో చెప్పండి, కొందరు గుడ్డిగా నొక్కి ఉంటారు.

ప్రశ్నల్ని చెడగొట్టేవి మళ్లీ మళ్లీ ఇవే. సరైన ఆప్షన్ మిగతావాటికంటే పొడవుగా ఉండటం. ‘పైవన్నీ’ అన్న ఆప్షన్. "కిందివాటిలో ఏది సరికానిది కాదు?" లాంటి రెండు నిషేధాలు. స్లైడులోని వాక్యాన్నే ప్రశ్నగా తిప్పి రాయడం. ఆప్షన్లు నాలుగు ఉండాలన్న పట్టుదల కూడా అక్కర్లేదు. నమ్మదగ్గ తప్పులు రెండే దొరికితే మూడు ఆప్షన్లతో ఆగిపోండి.

పాస్ మార్కు 80 శాతం అని అలవాటుగా పెట్టేస్తారు. ఆ 20 శాతంలో ఏది పోయినా ఫర్వాలేదా అని అడగండి. డ్రైవర్ సంతకం పెట్టనన్నప్పుడు ఏం చేయాలన్నది తప్పినవాళ్లు మిగతావన్నీ సరిగా రాసినా డాక్ దగ్గర నష్టమే. కాబట్టి తప్పకూడని ప్రశ్నలు ఇవీ అని విడిగా గుర్తుపెట్టి, అవి సరిగా వచ్చేదాకా పాస్ ఇవ్వకండి. మిగతావాటిలో ఒకటి పోతే పోనివ్వండి.

పరీక్ష మీద ఇంత పట్టు ఎందుకంటే, ప్రశ్నకు జవాబు వెతుక్కోవడమే జ్ఞాపకాన్ని గట్టిపరుస్తుంది. మనస్తత్వవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత మాత్రం, చదివాక చూడకుండా గుర్తుచేసుకుని రాసినవాళ్లదే పైచేయి అయింది. కోర్సు అయిన వెంటనే వచ్చే మంచి మార్కులు చూసి మురిసిపోకూడదన్నది కూడా ఇందులోంచే అర్థమవుతుంది.

4. తీసేయడం

ఇప్పుడు ఆ 60 స్లైడ్ల పీపీటీ తెరవండి. ఒక్కో స్లైడుకూ ఒకటే ప్రశ్న: ఇది లేకపోతే నేను రాసిన ప్రశ్నల్లో ఏది జవాబు చెప్పలేనిది అవుతుంది? ఏదీ కాకపోతే ఆ స్లైడు పోతుంది. కంపెనీ చరిత్ర, విజన్, డిపార్ట్‌మెంట్ చార్టు, జీఆర్‌ఎన్ (సరుకు అందినట్టు నమోదు చేసే పత్రం) సాఫ్ట్‌వేర్‌లోని అన్ని మెనూలు మొదటి దెబ్బకే పోతాయి.

కారణం మనిషి మెదడు ఇరుకు. మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988 నుంచి చెబుతూ వచ్చిన విషయం ఇది: కొత్త సంగతిని పట్టుకునే తాత్కాలిక జ్ఞాపకం చాలా చిన్నది, అక్కర్లేని బరువు పెడితే నేర్చుకోవడానికి చోటు మిగలదు. నెల్సన్ కోవన్ 2001లో వేసిన అంచనా ప్రకారం, ఒకేసారి మనసులో నిలిచేది సుమారు నాలుగు అంశాలు. ఒక్క స్క్రీన్ మీద తొమ్మిది బుల్లెట్లు పెట్టినప్పుడు ఈ సంఖ్య గుర్తుకు రావాలి.

తీసేసినదంతా పారేయనక్కర్లేదు. తరచూ మారేది, అరుదుగా పనికొచ్చేది, తప్పు లేకుండా చూసి రాయాల్సినది కార్డు మీదికి వెళ్తుంది. వెతుక్కునే తీరిక లేనిది, ప్రమాదం ఉన్నది తలలో ఉండాలి. మన గోదాములో రిమార్క్ నమూనాలు, క్లెయిమ్ టీమ్ నంబరు, ఫోటోలు తీయాల్సిన కోణాలు ఒక ఏ5 కార్డు మీద అచ్చు వేసి, లామినేట్ చేసి ఎల్‌ఆర్ రాసే బల్ల మీద అతికించాలి. పాఠంలో ఆ కార్డును వాడటం నేర్పాలి, కార్డులో ఉన్నది కంఠస్థం చేయించకూడదు. చాలా సందర్భాల్లో కార్డొక్కటే సరిపోతుందని ఇక్కడ తేలుతుంది. అప్పుడు కోర్సు వద్దని చెప్పడం కూడా మీ పనే.

చట్టం కోసం పెట్టే శిక్షణల్లో ‘తీసేయడం కుదరదు’ అనే మాట వినిపిస్తుంది. పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ఉద్యోగులకు అవగాహన కార్యక్రమాలు జరపమంటుంది. సెక్షన్లన్నీ స్క్రీన్ మీద పేర్చమనలేదు. ఉద్యోగికి కావలసినవి కొన్నే: ఏది వేధింపు కిందికి వస్తుంది, ఫిర్యాదు ఇంటర్నల్ కమిటీలో ఎవరికి ఇవ్వాలి, మామూలుగా మూడు నెలల్లోపు ఇవ్వాలి, పక్కవాళ్లకు జరుగుతుంటే చూసినవాళ్లు ఏం చేయొచ్చు. చట్టం పూర్తి పాఠాన్ని లింకుగా ఇచ్చి, కోర్సులో ఈ సందర్భాలే నడపండి.

5. నేర్పే వరుస

ఒక్కో లక్ష్యాన్ని ఐదు నిమిషాల ముక్కగా విడదీయండి. ముక్క లోపల వరుస ఇది: ముందు పూర్తిగా చేసి చూపించిన ఉదాహరణ, తర్వాత సగం పూర్తయిన ఉదాహరణ, ఆఖర్న ఖాళీ కాగితం. మనకైతే సరిగా రాసిన ఎల్‌ఆర్ ఫోటో చూపించి ప్రతి మాటా ఎందుకు రాశారో చెప్పాలి. తర్వాత ‘212లో ___ పెట్టెల ______’ అని ఖాళీలున్న ఎల్‌ఆర్ ఇవ్వాలి. ఆపైన పాడైన పెట్టెల ఫోటో మాత్రమే ఇచ్చి రిమార్క్ మొత్తం రాయమనాలి. ఊతం ఒక్కో మెట్టుకూ తగ్గుతూ పోతుంది.

పాతవాళ్లకు ఈ ఊతమే అడ్డు. కొత్తవారికి మేలు చేసే వివరణ అనుభవజ్ఞులకు భారమవుతుందని కల్యూగా, స్వెల్లర్ తదితరుల పరిశోధనలు చూపించాయి. అందుకని ప్రతి ముక్క మొదట్లో ఒక కష్టమైన సందర్భం పెట్టండి. సరిగా చేసినవాళ్లు ఆ ముక్క దాటి వెళ్లిపోవచ్చు. పన్నెండేళ్లుగా డాక్ దగ్గర ఉన్న మనిషిని ‘ఎల్‌ఆర్ అంటే ఏమిటి’ అన్న స్క్రీన్ దగ్గర కూర్చోబెట్టడం అతన్ని చిన్నబుచ్చడమే.

6. తెర, గొంతు, తెలుగు

రిచర్డ్ మేయర్ బొమ్మ, మాట కలిపి నేర్పడం మీద దశాబ్దాలపాటు ప్రయోగాలు చేశారు. వాటిలో రోజువారీ పనికి వచ్చేవి ఇవి. బాణాలు, పేర్లు బొమ్మ మీదే, చూపించాల్సిన చోటే ఉండాలి, కింద వేరే పట్టికలో కాదు. నేపథ్య సంగీతం, అలంకారపు బొమ్మలు నేర్చుకోవడాన్ని తగ్గిస్తాయి. పుస్తకం చదివినట్టు కాకుండా ఎదుటివారితో మాట్లాడినట్టు చెప్పాలి. తెర మీదున్న వాక్యాన్నే గొంతు చదివి వినిపిస్తే కన్నూ చెవీ రెండూ ఒకే మాట కోసం పోటీ పడతాయి, కాబట్టి గొంతు వివరిస్తుంటే తెర మీద బొమ్మ, రెండు మూడు ముఖ్యమైన మాటలు చాలు. దీనికి మినహాయింపు ఒకటి ఉంది, అది బెంగళూరులో చాలా ముఖ్యం: వింటున్న భాష తమ సొంతం కానివాళ్లకు అక్షరాలు కూడా కనిపిస్తే మేలు. ఇంగ్లీషు గొంతుతో చేసే కోర్సుకు సబ్‌టైటిల్స్ తప్పనిసరి, కావాలంటే ఆపుకునే వీలుతో.

గోదాములో హెడ్‌ఫోన్లు ఉండవు, ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడు ఉంటుంది. గొంతు వినకపోయినా పాఠం అర్థమవ్వాలి. ఆ చోట గొంతు లేకుండా, ఫోటోల మీద చిన్న వాక్యాలతో చేయడమే మంచిది.

ఇక భాష. ‘సరుకు రవాణా రసీదు నందు వ్యాఖ్య నమోదు చేయవలెను’ అని రాస్తే డాక్ దగ్గర ఎవరికీ తలకెక్కదు. ‘ఎల్‌ఆర్ మీద రిమార్క్ రాయండి’ అనాలి. వాళ్లు వాడే మాటే మీ మాట. అందరినీ ‘మీరు’ అని పిలవండి. అనువాదానికి ఇచ్చేటప్పుడు ‘ఎల్‌ఆర్, జీఆర్‌ఎన్, షార్టేజ్, సీల్ అలాగే ఉంచాలి’ అని ఒక పదాల జాబితా ముందే ఇవ్వకపోతే, కన్నడ అనువాదంలో ఒక మాట, తెలుగులో ఇంకో మాట, స్కానర్ తెర మీద మూడో మాట వచ్చి గందరగోళమవుతుంది.

తెలుగు అక్షరాలకు కొన్ని చిక్కులున్నాయి. వాటిని చివర్లో కాదు, మొదటి స్క్రీన్ దగ్గరే చూసుకోండి.

ఒత్తులు కిందికి దిగుతాయి కాబట్టి ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల ఎడం తెలుగుకు చాలదు. అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లు పెట్టి చూడండి. బటన్ల మీద ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ రాసి కింద తెగుతున్నాయేమో పరీక్షించండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన పాత మాన్యువల్ నుంచి కాపీ చేస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లోకి మార్చాక కూడా ప్రతి మాటా కంటితో చదవాలి. ఫాంటు నోటో సాన్స్ తెలుగు లాంటిది తీసుకుని కోర్సుతోపాటే ప్యాక్ చేయండి, చూసేవాళ్ల ఫోన్లో ఏముంటుందో దాని మీద ఆధారపడకండి. కొన్ని టూల్స్ అక్షరాలను విడదీసే కనిపించని గుర్తును మింగేస్తాయి. అప్పుడు ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ‘సాఫ్ట్వేర్’ అయి కూర్చుంటుంది. ఎక్స్‌పోర్ట్ చేశాక వచ్చిన ఫలితాన్ని చదవాలే తప్ప ఎడిటర్‌లో చూసి సరిపెట్టుకోకూడదు.

మామూలు సైజు అక్షరానికి, వెనక రంగుకు మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగు తేడా, 4.5:1 కంటే తగ్గకూడదన్నది వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణం. లేత బూడిద మీద తెల్ల అక్షరాలు ఎండలో ఫోన్ పట్టుకున్నవాళ్లకు కనిపించవు. వేలితో నొక్కే బటన్ కనీసం 48 డీపీ ఉండాలి, డీపీ అంటే తెర మీది సైజులకు ఆండ్రాయిడ్ వాడే కొలత.

7. స్టోరీబోర్డు, సంతకాలు

స్టోరీబోర్డుకు, అంటే ఒక్కో స్క్రీన్‌లో ఏముంటుందో ముందే రాసుకునే ప్లానుకు, నాలుగు గడుల పట్టిక చాలు: తెర మీద ఏం కనిపిస్తుంది, ఏం వినిపిస్తుంది, చూసేవాళ్లు ఏం చేస్తారు, చేశాక ఏం జరుగుతుంది. మూడో గడి వరుసగా నాలుగు స్క్రీన్లలో ‘నెక్స్ట్ నొక్కుతారు’ అని ఉంటే ఆ భాగం మళ్లీ రాయాలి.

సమీక్షకు పంపేటప్పుడు "చూసి చెప్పండి సార్" అని పంపితే కామాలు దిద్ది పంపుతారు, లేదా ఇంకో పది స్లైడ్లు చేర్చమంటారు. అడగాల్సినవి ఇవి: ఇందులో వాస్తవం కానిది ఏదైనా ఉందా? ఈ తప్పు ఆప్షన్లలో మీ టీమ్ నిజంగా చేయనిది ఏది? దీన్ని చేర్చమంటే ఏ లక్ష్యానికి అవసరం? రెండు విడతల సమీక్ష, ఒక్క మనిషి తుది సంతకం. ఆ సంతకం పడేదాకా గొంతు రికార్డు చేయకండి. రికార్డింగ్ తర్వాత ఒక్క మాట మారినా స్టూడియో, ఎడిటింగ్, సబ్‌టైటిల్స్ అన్నీ మళ్లీ మొదలు.

8. ఎల్‌ఎంఎస్‌లోకి

డబ్బు పెట్టి టూల్ కొనక్కర్లేదు. మూడిల్ అనే ఎల్‌ఎంఎస్, ప్రశ్నలు తయారుచేయడానికి దానికి జతయ్యే హెచ్5పీ రెండూ ఉచితం, ఇక్కడ చెప్పిన సందర్భ ప్రశ్నలన్నీ వాటిలో కుదురుతాయి. కోర్సు వేర్వేరు ఎల్‌ఎంఎస్‌లలో నడిచేందుకు ఉన్న స్కార్మ్ 1.2 అనే ప్రమాణం ప్రకారం ప్యాకేజీగా ఇవ్వాల్సి వస్తే రెండు గుంటలున్నాయి. ఒకటి, ఎక్కడ ఆపారో గుర్తుంచుకునే డేటాకు 4,096 అక్షరాల హద్దు. పెద్ద కోర్సులో అది నిండిపోతే తిరిగొచ్చినవాళ్లు మొదటికి వెళ్లిపడతారు. కోర్సును ముక్కలు చేయడానికి ఇది ఇంకో కారణం. రెండు, ‘కంప్లీటెడ్’, ‘పాస్‌డ్’ రెండూ ఒకే గడిలో కూర్చుంటాయి. టూల్‌లో ఏది పంపిస్తున్నారో, ఎల్‌ఎంఎస్ దేనికోసం చూస్తోందో సరిపోలకపోతే పరీక్ష నెగ్గినవాళ్లు కూడా ‘ఇన్‌కంప్లీట్’గా మిగిలిపోతారు. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, ఖాళీల్లేకుండా పెట్టండి. మీ లాప్‌టాప్‌లో కాదు, తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లో, ఆఫీసు వైఫై ఆపేసి, మొదటి నుంచి చివరి దాకా ఒకసారి, మధ్యలో ఆపి మళ్లీ తెరిచి ఇంకోసారి నడపండి.

9. ఐదుగురితో ముందుగా

అందరికీ పంపే ముందు ఐదుగురిని ఒక్కొక్కరిగా కూర్చోబెట్టండి. పక్కనే ఉండండి, నోరు విప్పకండి. అడిగితే "మీకేమనిపిస్తోంది?" అనండి, అంతే. ఎక్కడ రెండోసారి చదివారు, ఎక్కడ చదవకుండా నొక్కారు, ఏ ప్రశ్నకు అందరూ ఒకే తప్పు జవాబు ఇచ్చారు అన్నవి రాసుకోండి. ఐదుగురూ ఒకే చోట తడబడితే తప్పు ప్రశ్నదే. పాఠం చూడకుండానే అందరూ సరిగా చెప్పేసిన ప్రశ్న కూడా పనికిరానిదే. అందులో నేర్చుకోవడానికి ఏమీ లేదు, లేదా జవాబు ముందే బయటపడుతోంది.

ఆన్‌లైన్ శిక్షణకు షిఫ్టులోనే సమయం ఇప్పించండి. "ఇంటికెళ్లాక చూసుకోండి" అన్న కోర్సును కేఆర్ పురం బస్సులో వేలాడుతూ నొక్కేస్తారు.

10. మళ్లీ గుర్తుచేయడం

నేర్చుకున్నది మొదట్లోనే వేగంగా జారిపోతుందని జర్మన్ మనస్తత్వవేత్త ఎబ్బింగ్‌హౌస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపించారు. మూడో మెట్టులో దాచిపెట్టిన ప్రశ్నలు ఇప్పుడు బయటికి రావాలి. రెండు రోజులకు ఒకటి, వారానికి ఒకటి, మూడు వారాలకు ఒకటి, టీమ్ వాట్సాప్ గ్రూపులో ఫోటోతో సహా. జవాబు మరుసటి రోజు షిఫ్టు మొదలయ్యే ముందు సూపర్‌వైజర్ రెండు నిమిషాల్లో మాట్లాడాలి. ఆయనకు జవాబు, కారణం రాసిన కాగితం మీరే ఇవ్వండి. శిక్షణ డాక్ దాకా చేరడంలో సూపర్‌వైజర్ కంటే బలమైన దారి ఏ ఎల్‌ఎంఎస్‌లోనూ లేదు. ఆయన ‘రాయకపోయినా ఫర్వాలేదులే’ అంటే మీ కోర్సు ఆ మాటతోనే ముగిసిపోతుంది.

11. ఫలించిందా?

శిక్షణ ఫలితాన్ని కొలవడానికి డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో చెప్పిన నాలుగు మెట్లు ఇక్కడ పనికొస్తాయి: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, సంస్థకు ఫలితం దక్కిందా. చాలా కంపెనీలు మొదటి మెట్టు దగ్గర ఐదు నక్షత్రాలు చూసి ఆగిపోతాయి. మనకు కావలసింది మూడోది. దెబ్బతిన్న పెట్టెలు వచ్చిన లారీలు ఎన్ని? వాటిలో సంఖ్య, దెబ్బ రకం రెండూ రాసిన ఎల్‌ఆర్‌లు ఎన్ని? ఈ లెక్కను కోర్సు మొదలుకాక ముందు నాలుగు వారాలు, తర్వాత ఎనిమిది వారాలు రాయండి. ముందు లెక్క లేకపోతే తర్వాతి లెక్కకు అర్థం లేదు, కాబట్టి మొదటి మెట్టు దగ్గరే దీన్ని మొదలుపెట్టాలి. నాలుగో మెట్టు, అంటే క్లెయిము డబ్బు తిరిగి రావడం, ఆలస్యంగా తెలుస్తుంది. పైగా అందులో ట్రాన్స్‌పోర్టర్ మార్పు లాంటి ఇతర కారణాలూ కలుస్తాయి, కాబట్టి దాన్నంతా శిక్షణ ఖాతాలో వేయకండి.

రాసినవాళ్ల సంఖ్య పెరిగి, రిమార్క్ మాత్రం ఇంకా ‘డ్యామేజ్’ అన్న ఒక్క మాట దగ్గరే ఉంటే రెండో ముక్కలోని ఖాళీల ఉదాహరణను సరిదిద్దండి. అసలు రాయడమే పెరగకపోతే మళ్లీ డాక్ దగ్గరికి వెళ్లి ఒక షిఫ్టు నిలబడండి. ఫోన్ ఇంకా సూపర్‌వైజర్ జేబులోనే ఉండొచ్చు. క్లెయిమ్ ఫారం మారినా, ట్రాన్స్‌పోర్టర్ నియమం మారినా ముందు బల్ల మీది కార్డు మారాలి, తర్వాత కోర్సు. కార్డు మూలన ముద్రించిన తేదీ వేయండి, పాత కార్డును మీ చేత్తోనే పీకేయండి. కోర్సు అసలు ఫైళ్లు, స్టోరీబోర్డు, ఫోటోలు, గొంతు రికార్డింగు ఒకే ఫోల్డర్‌లో పెట్టి, తుది సంతకం చేసిన మనిషి పేరు, వచ్చే సమీక్ష తేదీ పైన రాసి ఉంచండి.